నాటు గుంపు చేతికి మిషన్

కొల్లాపూర్ దగ్గరి ఆ ఊళ్లో నేను చెప్పిన మొదటి పాఠానికి చప్పట్లు బాగానే పడ్డాయి. కొట్టినవాళ్లలో ఒక్క ఆడమనిషి కూడా లేదు.

తెలంగాణ వచ్చి కొన్నేళ్లయింది. కృష్ణ నీళ్లు ఎత్తిపోసే కాలువలు ఆ వైపు ఊళ్లకు అందాయి. అంతకుముందు జొన్న, ఆముదం తప్ప ఎరుగని చెలకల్లో వరి మడులు లేచాయి. అందరికీ ఒకేసారి నీళ్లు రావడంతో అందరికీ ఒకేసారి నాట్లు వేయాల్సి వచ్చేది. కూలీలు దొరక్క రైతులు తల పట్టుకునేవారు. సన్నకారు రైతులకు కొత్త పద్ధతులు నేర్పే ఒక సంస్థ అప్పుడే నన్ను ఉద్యోగంలో పెట్టుకుని ఆ ఊళ్లకు పంపింది.

నేను రామన్నపేట వైపు పిల్లను. మాకు భూమి లేదు. బాపు బావుల పూడిక తీసేవాడు. అమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. నాట్ల కాలంలో అమ్మ కాలివేళ్ల సందులన్నీ నీళ్లకు నాని పాసిపోయేవి. రోజూ పొద్దున పసుపు నూనెలో కలిపి రాసుకుని మళ్లీ అదే బురదలోకి దిగేది. ఆ కూలితోనే నన్ను వ్యవసాయ డిప్లొమా చదివించింది.

ఆ రోజు నేను చూపించింది డ్రమ్ సీడర్. అదేమంత పెద్ద యంత్రం కాదు. రెండు చక్రాల మధ్య ఇరుసుకు వరసగా బిగించిన ప్లాస్టిక్ డబ్బాలు, వాటి చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు, లాగడానికి ఒక పిడి. మొలకెత్తిన వడ్లను డబ్బాల్లో పోసి బురద మడిలో లాక్కుంటూ పోతే గింజలు సాళ్లుగా పడతాయి. నారు పోసే పని లేదు, పీకే పని లేదు, వంగి నాటే పని అసలే లేదు. కొత్తగా కట్టిన రైతు వేదికలో, ఇంకా రంగుల వాసన పోని ఆ హాల్లో, ఇదంతా చెప్పాను. ముందు కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి లేచాడు. ఊరంతా పటేల్ అని పిలిచే ఆయనకే అక్కడ అందరికంటే ఎక్కువ పొలం.

"మంచి ముచ్చట చెప్పినవు మేడం. నాటోళ్ల కాళ్లు గదుమలు పట్టుకొని బతిలాడుడు ఇగ తప్పుతది. ఆళ్ల పీడ పోతది" అన్నాడు.

అందరూ నవ్వారు. చప్పట్లు అప్పుడే పడ్డాయి. నేను కూడా నవ్వాలన్నట్టు నా వైపు చూశారు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు పొద్దున స్కూటీ మీద ఊళ్లోకి వస్తుంటే దారికి అడ్డంగా నాటు గుంపు నిలబడింది. చీరలు ఎత్తికట్టి, జాకెట్ల మీద మగవాళ్ల చొక్కాలు వేసుకుని, చేతుల్లో సద్ది గిన్నెలతో పనికి పోతున్న ఆడవాళ్లు. కూలి మాట్లాడేది, ఎవరి పొలానికి ఎప్పుడు పోవాలో చెప్పేది ఆ గుంపు పెద్ద. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. ఆమె వచ్చి నా స్కూటీ హ్యాండిల్ పట్టుకుంది.

"నువ్వేనా మిషన్ మేడం?"

"నేనే పెద్దమ్మా."

"మా నోట్లె మన్ను కొట్టనీకి గింత దూరం వచ్చినవా?"

"గట్ల ఎవలన్నరు?"

"పటేలే అన్నడు. ఈ ఏడు మీ మొఖం గూడ సూడ, మిషన్ పెడుతున్న అని నిన్న నా ఇంటి ముంగట నిలవడి చెప్పిపోయిండు."

మా అమ్మ కూడా నాట్లు వేసేదేనని చెప్పాను. అది విని ఆమె మెత్తబడుతుందనుకున్నాను.

"అయితే మీ అమ్మ కడుపు మీద గూడ కొట్టినవన్నట్టు" అంది.

గుంపులో ఎవరూ నవ్వలేదు. నేను స్కూటీ దిగి స్టాండు వేశాను. నేను పట్టుకొచ్చిన పని చెడ్డదని నాకు అనిపించలేదు. వంగిన నడుము లేస్తుందంటే అది చెడ్డదెట్లా అవుతుంది? కానీ ఆ నడుము ఎవరిదో వాళ్లను వదిలేసి, గట్టు మీద నిలబడేవాళ్లకు పాఠం చెప్పి వచ్చాను. పిలిచినవాళ్లు వాళ్లను పిలవలేదు. ఎందుకు పిలవలేదని నేనూ ఎవరినీ అడగలేదు, అడగాల్సింది.

"మిషన్ దానంతటదే నడవదు పెద్దమ్మా. దాన్ని గుంజేటోళ్లు కావాలె. ఆ గుంజేది మీరే ఎందుకు కావొద్దు?"

"మాకు ఎవడిస్తడు?"

"నేనిస్త. నేర్పుత గూడ."

ఆ మాట అనే అధికారం నాకు లేదు. అయినా అనేశాను. ఆమె హ్యాండిల్ వదిలేసింది. "ఇచ్చినంక మాట్లాడు" అని ముందుకు నడిచింది.

ఆఫీసులో మా పై సార్ ఒప్పుకోలేదు. చెడ్డమనిషి కాదు, గీత దాటడానికి భయపడే మనిషి. "శిక్షణ రైతులకమ్మా, కూలీలకు కాదు. రేపు పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి?" అన్నాడు.

"మడిలో దిగేది వాళ్లే కదా సార్."

"పట్టా ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రైతు. మన లెక్క అంతే."

"అయితే ఆదివారం నాకు సెలవు సార్. ఆ రోజు నేనెక్కడికి పోయినా మీకు లెక్క చెప్పక్కర్లేదు కదా" అన్నాను. ఆయన అదొక తమాషా అనుకున్నట్టున్నాడు. స్టోరులో మూల పడి ఉన్న పాత డ్రమ్ సీడర్‌ను ఆటోలో కట్టుకుని పోతుంటే అడ్డం మాత్రం చెప్పలేదు.

గుంపులో కొందరు ఆదివారం ప్రార్థనకు పోతారు. అది అయిపోయాక, ఎండ బాగా ఎక్కాక, అందరూ పెద్దమ్మ మడి దగ్గరకు వచ్చారు. కాలువ చివర్న ఉన్న చిన్న చెక్క అది, ఎప్పుడో ఆమె మామకు సర్కారు ఇచ్చిన భూమి. అందరి మడులూ తడిశాకే నీళ్లు అక్కడికి చేరేవి. పెద్దమ్మ భర్త గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, "నాశనం చెయ్యకుర్రి" అని మాత్రం అన్నాడు.

వడ్లు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి మొలక తెప్పించడం వాళ్లకు తెలిసిన పనే. నారు పోసేటప్పుడు చేసేదే. "ఇగ తిండి తినుడు గూడ నేర్పుతవా బిడ్డా" అని వెక్కిరించారు. మొలక మరీ పొడుగైతే గింజలు ఒకదానికొకటి చుట్టుకుని రంధ్రాల్లో ఇరుక్కుంటాయని, గింజ ముక్కు పగలగానే సంచి విప్పాలని చెప్పాను. అది విన్నారు. డబ్బాలు ఎంతవరకు నింపాలో, చక్రం పోయిన గాడి పట్టుకుని మళ్లీ ఎట్లా తిరగాలో గట్టు మీద పొడి నేల మీదే లాగి చూపించాను. ఒక్కొక్కరూ పట్టుకుని లాగారు. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత నేనంటే నేనని కొట్లాడుకున్నారు.

విత్తే రోజు అంతా తప్పింది. మడి కలియదున్ని, సాపు చేసి, బురద పేరుకునేదాకా ఆగాలి. ట్రాక్టరు పొద్దెక్కి వచ్చింది. మరునాడు గుంపు వేరే ఊరికి నాట్లకు మాటిచ్చి ఉంది. ఆగే తీరిక లేక మెత్తటి బురదలోనే మిషన్ దించాం. చక్రాలు దిగబడ్డాయి. ఇద్దరు కలిసి లాగినా సాళ్లు వంకరలు పోయాయి. పొద్దు గూకకముందే ఆకాశం నల్లబడి వాన దంచింది. పడిన గింజలన్నీ కొట్టుకుపోయి మడి దిగువ మూలలో కుప్పపడ్డాయి.

చాయ్ హోటల్ దగ్గర పటేల్ నలుగురిలో అన్న మాట మా దాకా వచ్చింది. "ఆడోళ్ల సేద్యం సూసిండ్రా? కోళ్లు కెలికినట్టున్నది." పెద్దమ్మ భర్త రెండు పూటలు ఇంట్లో అన్నం తినలేదట. గుంపులో కొందరు మొఖం చాటేశారు. నేను ఫోనులో అమ్మతో చెప్పుకుని ఏడ్చాను.

"ఏడ్సుడెందుకు? నాటు తేలిపోతే మేము మల్ల పోయి పెట్టకపోయినమా? మల్ల ఎయ్యి" అంది అమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

నేను ఆ మాట పట్టుకుని ఊళ్లోకి వెళ్లేసరికి పెద్దమ్మ అప్పటికే గోనెసంచి మీద నీళ్లు చిలకరిస్తోంది. ఇంట్లో తినడానికి దాచిన వడ్లలోంచే తీసి మండె కట్టింది.

"ఆళ్లు నవ్విండ్రని ఇడిసిపెడితే ఇగ జనమంత నవ్వుతనే ఉంటరు" అంది. "ఈసారి బురద కూసునేదాక నేను గట్టు మీదనే కూసుంట. ఎవలు తొందర వెట్టినా కాలు ఎయ్యనియ్య."

అన్నట్టే కూర్చుంది. ఒప్పుకున్న మరో ఊరి నాట్లను ఒక రోజు వెనక్కి జరిపింది. దిగువ మూలలో నీళ్లు పోయేందుకు చిన్న కాలువ తీయించింది. ఈసారి మిషన్ జారినట్టు పోయింది. తర్వాత కొన్ని రోజులు మడిలో నీళ్లు నిలవనియ్యకుండా, పిట్టలు వాలనియ్యకుండా వంతులు వేసుకుని కాపలా కాశారు. ఒకామె పళ్లెం, ఒకామె డబ్బా పట్టుకుని పొద్దున్నుంచీ మోగించేవారు. మొలక పైకి లేచిన నాడు నాకు కబురు పెట్టారు. పోయి చూస్తే మడి నిండా పచ్చటి గీతలు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడా తెగలేదు.

కలుపు తీయడానికి సాళ్ల మధ్య నెట్టే వీడర్ తెచ్చి ఇచ్చాను. గుంపులో అందరికంటే పొడుగాటి మనిషి ఒకామె దాన్ని కాసేపు నెట్టి, మడి మధ్యలో ఆగి, చుట్టూ చూసింది.

"పొలంల నిలవడి పని చేసుడు నాకు గిదే మొదలు. ఇన్నేండ్లు బురద తప్ప ఏం కనవడలే. ఈడికెల్లి పటేల్ మేడ గూడ కనవడుతున్నది" అంది.

ఆ మాటకు అందరూ నిలబడి చూశారు. ఎవరూ తొందరగా వంగలేదు.

చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తండాల నుంచి ఆడవాళ్లు ఆ మడి చూడటానికి వచ్చారు. నా ఆదివారాలన్నీ వాళ్లకే పోయాయి. సంగతి మా సార్ చెవిన పడింది. ఆయనకు సంతోషమే కలిగింది. బయటి నుంచి పెద్దవాళ్లను పిలిచి రైతు వేదికలో సభ పెట్టాడు. ఆడవాళ్లు మిషన్ పక్కన నిలబడి ఫొటో దిగాలి, పద్ధతి గురించి పటేల్ మాట్లాడాలి, ఇదీ ఏర్పాటు.

పెద్దమ్మ గుంపుతో సహా వచ్చింది. అందరూ ఉతికిన చీరలు కట్టుకున్నారు. తిన్నగా నడిచి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. అట్లా కూర్చోవడం ఆ హాల్లో ఎవరూ చూడలేదు. వాడకట్టు ఏదో, కులం ఏదో చూసుకుని ఎవరెక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే జరిగిపోయే ఊరు అది.

"ఏయ్, ముంగట సార్లు కూసుంటరు. మీరు కింద కూసోండ్రి" అని వెనక నుంచి ఒకతను అరిచాడు.

పెద్దమ్మ వెనక్కి తిరగలేదు. "మడిల దిగినోళ్లం మేము. సార్లు దిగిండ్రా? దిగిండ్రంటె చెప్పుర్రి, లేస్తం" అంది.

మా సార్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "వాళ్లను లేపమ్మా. అతిథులు వచ్చే టైమయింది" అన్నాడు.

"నేను లేపను సార్."

"నీకు ఉద్యోగం కావాలా, వద్దా?"

"కావాలి సార్. మా ఇల్లు దాని మీదే నడుస్తోంది. కానీ లేపను."

అతిథులు వచ్చారు. ముందు కుర్చీల్లో ఖాళీ లేకపోతే పక్క వరసలో కూర్చున్నారు. వాళ్లకేమీ నొప్పి అనిపించినట్టు లేదు. నొప్పంతా ఊరివాళ్లకే. మైకు పటేల్ చేతికి పోకముందే నేను తీసుకుని పెద్దమ్మకిచ్చాను. ఆమె మాట్లాడింది కొంచెమే. మడి మొదట ఎట్లా చెడిందో, మళ్లీ ఎట్లా వేశారో చెప్పింది. చివరికి, "మా పని పోతదని చెప్పినోళ్లకు చెప్తున్న. పని యాడికి పోలే. మా చేతుల్నే ఉన్నది" అని మైకు ఇచ్చేసింది.

పటేల్ కూడా ఆ ఏడు మిషన్ కొని, ఇద్దరు మగ జీతగాళ్లతో విత్తించాడు. నీళ్లు తీయకుండా వదిలేశారు. కొంత గింజ మురిగిపోయింది, మిగిలినచోట కలుపు వరిని మించి లేచింది. కలుపుకు రమ్మని గుంపుకు కబురు పెట్టాడు. పెద్దమ్మ నన్ను కూడా తోడు రమ్మంది. ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు, మేం వాకిట్లో నిలబడ్డాం.

"రోజుకూలికి కలుపు తియ్యనీకి మేము రాము, పటేలా" అంది ఆమె. "వచ్చే పంట సంది మిషన్ తోని మేమే ఏస్తం, కలుపు గూడ మేమే సూసుకుంటం. ఎకరం లెక్క గుత్త మాట్లాడు."

"నా వాకిట్ల ఆడోళ్లు గుత్త మాట్లాడుడు ఎన్నడన్న ఉన్నదా?"

"గిప్పుడు మాట్లాడుతున్నం గద."

"ఈ మేడం నేర్పిందా మీకు గీ మాటలు?"

"మేడం మిషన్ నేర్పింది. మాటలు మాకు ముందుకెల్లే ఉన్నయి. మీరు ఇనలే, అంతే."

ఆయన ముఖం ఎర్రబడింది. "పక్కూరి నుంచి కూలోళ్లను తెచ్చుకుంట, ఏం ఫికర్ లేదు" అన్నాడు.

"తెచ్చుకో. పక్కూరోళ్లకు గూడ మేమే నేర్పినం. ఆళ్లు గూడ గుత్తే అడుగుతరు."

చెప్పాల్సింది చెప్పి వెనక్కి తిరిగింది. మేమంతా ఆమె వెనకే నడిచాం. ఆ పూట కలుపుకు ఎవరూ పోలేదు. చిన్న రైతులు కొందరు మాత్రం ఆ వారంలోనే పెద్దమ్మ ఇంటికి వచ్చి యాసంగి పంటకు గుత్త మాట్లాడుకుపోయారు. వాళ్లకూ ఇది సులువే. నాట్ల కోసం వెతుక్కునే పని తప్పింది. పటేల్ మరో పంట పోయాక గానీ దిగిరాలేదు. వచ్చినా తను రాలేదు, కొడుకును పంపాడు. పెద్దమ్మ ఒప్పుకుంది. కానీ మాట్లాడేది తన ఇంటి ముందే అని చెప్పింది.

ఇక్కడితో అంతా బాగుందని రాస్తే అబద్ధమవుతుంది. మిషన్ పనికి తక్కువ చేతులు చాలు. గుంపులో అందరికీ పని చాలలేదు. ఎవరినీ తీసేయకుండా వంతులు వేశారు. ముసలివాళ్లకు మండె కట్టే పని, పిట్టల కాపలా ఇచ్చారు. దాని మీద గొడవలు పడ్డారు. ఇద్దరు ముగ్గురు విసిగి హైదరాబాదుకు కట్టడం పనులకు పోయారు. "కొత్తది వస్తే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు" అని నాకు చదువుకున్నవాళ్లు చాలామంది చెప్పారు. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ ఒకే వాడకట్టు వాళ్లు ఎందుకవుతారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి సంస్థ నన్ను కొనసాగించలేదు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. సామాన్లు సర్దుకుని కొల్లాపూర్ బస్టాండుకు వస్తే గుంపంతా వచ్చింది. ఎవరూ ఏడవలేదు. పొడుగాటామె నా సంచిలో వేయించిన పల్లీలు కుక్కింది. పెద్దమ్మ, "పని తీసేసిండ్రని తల వంచకు. మల్ల ఏ ఊరికి పోయినా గిట్లనే చెయ్యి" అంది. "చేస్త పెద్దమ్మా" అని బస్సెక్కాను.

ఇప్పుడు నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో పనిచేస్తున్నాను. ఒక చిన్న మహిళా రైతుల సంఘం నన్ను పెట్టుకుంది. బత్తాయి తోటలకు డ్రిప్, పత్తికి పురుగుల్ని పట్టే బుట్టలు, ఇప్పుడు మందు కొట్టే డ్రోన్లు. మిషన్లు మారుతున్నాయి. పిలుపులు మాత్రం ఇంకా పట్టా పేరున్నవాళ్లకే పోతున్నాయి.

పోయిన వానాకాలం పానగల్ దగ్గర ఒక పత్తి చేనులో డ్రోన్ చూపించడానికి రమ్మన్నారు. పోయేసరికి మగవాళ్లంతా గుమిగూడి ఉన్నారు. డ్రోన్ నడిపే అబ్బాయి బ్యాటరీలు పెట్టి సిద్ధంగా ఉన్నాడు. పక్క చేనులో ఆడవాళ్లు వంగి కలుపు తీస్తున్నారు. మా వైపు చూస్తున్నారు, కానీ రావడం లేదు.

"మొదలుపెట్టండి మేడం, మబ్బు పట్టేటట్టున్నది" అన్నాడు చేను రైతు.

"ఆళ్లు గూడ రావాలె గదన్నా" అన్నాను పక్క చేను వైపు చూపించి.

"ఆళ్లు కూలికి వచ్చిండ్రు. ఆళ్లకెందుకు గివన్ని?"

"మందు డబ్బా మోసి కొట్టేది ఆళ్లే గద. ఆళ్లు వచ్చినంకనే మొదలుపెడుత."

ఆయన మబ్బు చూశాడు, నన్ను చూశాడు. కొందరు గొణిగారు. ఒకరిద్దరు మోటారు సైకిళ్లు ఎక్కి పోతామన్నట్టు తాళాలు తిప్పారు. నేను గట్టు మీద చెప్పులు వదిలి కింద కూర్చున్నాను. పోతే పోనీ అనుకున్నాను. చివరికి చేను రైతు విసుక్కుంటూ పంచె ఎగ్గట్టి, పత్తి సాళ్ల మధ్య నడుచుకుంటూ ఆడవాళ్లను పిలవడానికి తనే పోయాడు. వాళ్లు చేతుల మట్టి దులుపుకుంటూ వచ్చేదాకా ఆగి, పాఠం మొదలుపెట్టాను.